హాకీ ఆడే బిడ్డ మనింట్లో ఉంటే... 70 చిట్కాలు

మాది గంగారం. మహబూబాబాద్ జిల్లాలో అడవిని ఆనుకొని ఉన్న మండలం. నాలుగేండ్ల కింద మా ఆడబిడ్డ తన బిడ్డను తెచ్చి మా ఇంట్లో దించింది. వాళ్ల గూడెం నుంచి రోజూ రెండు పూటలా గ్రౌండుకు రావడం కుదరదు, మా ఇంటి నుంచైతే బడీ గ్రౌండూ నడిచిపోయే దూరం. "వదినా, ఇంత బువ్వ పెట్టు చాలు, మిగతాది అదే చూసుకుంటది" అన్నది. బువ్వ ఒక్కటే కాదని పది రోజుల్లో తెలిసింది. మట్టి బట్టలు, తడి బూట్లు, వేళకాని ఆకళ్లు, మోకాలి దెబ్బలు, సర్టిఫికెట్ల కోసం ఉరుకులాట... అన్నీ ఒక్కొక్కటిగా దారికి తెచ్చుకున్నా. మీ ఇంటికి కూడా అన్న బిడ్డో, చెల్లె కొడుకో ఆట కోసం వస్తే భయపడకండి. ఖర్చు పెరగకుండా, పని మీద పడకుండా, పిల్లకు పరాయి ఇల్లు అనిపించకుండా నేను చేసి చూసినవే చెప్తున్నా.

రాకముందే సర్దుకోండి

1. పిల్ల దిగకముందే అమ్మానాన్నలతో కూర్చొని నాలుగు మాటలు తేల్చుకోండి: బియ్యం ఎవరివి, బూట్లు ఎవరు కొనాలి, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, పండుగకు ఎవరు తీసుకుపోవాలి. మొదటిరోజు మొహమాటపడితే ఆర్నెల్లకు మాటలు వస్తయి.

2. పైసలు అడగడం ఇబ్బందైతే పంట అడగండి. మా ఆడబిడ్డ కోతలు కాగానే బియ్యం, కందులు, ఎండుమిరపకాయలు పంపిస్తది. నా కిరాణా చిట్టీ తగ్గింది, ఆమెకూ భారం కాలేదు.

3. అర్ర మొత్తం ఖాళీ చేయక్కర్లేదు. గోడవారగా ఒక మంచం, ఒక రేకు పెట్టె, బట్టలకు ఒక చిలుక్కొయ్య ఇయ్యండి. "ఇది నాది" అనుకునే మూల దొరికితే పిల్ల తొందరగా కుదురుకుంటది.

4. తలుపు పక్కన స్టిక్కు ఆనేటట్టు రెండు మేకులు కొట్టండి. మూలకు ఆనించిన స్టిక్కు జారి కాళ్ల మీద పడదు, నేల చెమ్మ పట్టదు, పొద్దుగాల వెతకాల్సిన పనీ ఉండదు.

5. బూట్లు, బాలు, షిన్ గార్డులకు వాకిట్లోనే ఒక పాత గంప పెట్టండి. ఎర్రమట్టి గడప దాటి లోపలికి రాదు, రోజుకు ఒక ఊడ్పు తప్పుతది.

6. మంచంతో పాటే దోమతెర కట్టండి. అడవి పక్క ఊళ్లలో ఒక్కసారి మలేరియా పట్టిందంటే వారాల ప్రాక్టీసు పోతది. మందుల ఖర్చుతో చూస్తే తెర ఖరీదు ఎంత?

7. ఇంటి పనిలో పిల్లకు ఒకటే పని, రోజూ అదే అప్పజెప్పండి. మా పిల్లది తాగే నీళ్లు నింపుడు. పనే లేకపోతే చుట్టంలా ముడుచుకొని కూర్చుంటది, ఎక్కువైతే పనికోసమే పెట్టుకున్నరు అనుకుంటది.

8. మీ పిల్లల పళ్లెం, దుప్పటి తీసి వచ్చిన పిల్లకు ఇయ్యకండి. కొత్త పళ్లెం ఒకటి, కొత్త దుప్పటి ఒకటి కొంటే అయిపోయేదానికి ఇంట్లో కుళ్లుమోతుతనం ఎందుకు?

పొద్దుగాల హడావిడి తగ్గాలంటే

9. కిట్ బ్యాగు రాత్రే సర్దించి తలుపు దగ్గర పెట్టించండి: బాలు, షిన్ గార్డులు, మౌత్ గార్డు, నీళ్ల సీసా, తువ్వాల. పొద్దున పావుగంట నిద్ర అదనంగా దక్కుతది, ఆమెకూ మీకూ.

10. బూటు తొడిగేముందు తిరగేసి రెండుసార్లు నేలకు కొట్టడం నేర్పండి, తేలో జెర్రో ఉంటే బయటపడతది. రాత్రి బూటు మూతిలో పాత గుడ్డ కుక్కి పెడితే ఇంకా నిశ్చింత.

11. చీకటితో గ్రౌండుకు పోయే పిల్ల చేతిలో టార్చి, పక్కన తోడు ఉండాలి. ఆ వాడకట్టులో ఆడే పిల్లలందరినీ ఒక చోట కలుసుకొని పొమ్మంటే ఏ తల్లీ వెంట పోనక్కర్లేదు.

12. పరుగుకు ముందు కడుపు నిండా పెట్టకండి, డొక్కలో పట్టేస్తది. ఒక అరటిపండో, గ్లాసు పల్చటి జావో చాలు. అసలు తిండి తిరిగొచ్చినాక.

13. రాగిపిండిని రాత్రే నీళ్లలో కలిపి మూత పెట్టండి. పొద్దున మరిగే నీళ్లలో పోసి తిప్పితే ఐదు నిమిషాల్లో ఉండ కట్టని జావ తయారు, గ్యాసూ మిగులుతది.

14. అలారానికి సెల్‌ఫోన్ కాదు, చిన్న టేబుల్ గడియారం కొనియ్యండి. ఫోన్ తలాపున ఉంటే పది దాటినా కన్ను మూయదు.

15. రాత్రి తొమ్మిదిన్నరకు ఆ మూల దీపం ఆరిపోవాలి. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని రోజే కాలు మడతపడతది, చదువూ ఎక్కదు.

బువ్వ, నీళ్లు

16. బియ్యం కొలిచేటప్పుడు ఒక గ్లాసు ఎక్కువ పోయండి, అంతే. "ఎంత తింటవే" అన్న మాట మాత్రం నవ్వుతూ కూడా అనకండి. పరాయి ఇంట్లో ఉన్న పిల్ల రెండోసారి అన్నం అడగడం మానేస్తది.

17. బడిలో మధ్యాహ్న భోజనం మాన్పించకండి. మన రాష్ట్రంలో వారానికి మూడు గుడ్లు అక్కడే పెడతరు, మిగతా రోజులవి మీరు చూసుకుంటే సరిపోతది.

18. బొబ్బర్లు, శనగలు, పెసలు రోజుకొక రకం రాత్రి నానబెట్టి పొద్దున గుడాలు చేయండి. ఉల్లిగడ్డ పోపు పెట్టి గిన్నెడు ఇస్తే బలానికి బలం, ఇంటిల్లిపాదికీ నాష్టా.

19. బలం పొడి డబ్బాలు కొనమని ఎవరు చెప్పినా కొనకండి. ఆ ఒక్క డబ్బా పైసలతో గుడ్లు, పాలు, పల్లీలు చాన్నాళ్లు వస్తయి.

20. ఆదివారం ఒక్కసారి పల్లీలు, నువ్వులు వేయించి బెల్లంతో దంచి ముద్దలు కట్టండి. వారమంతా బ్యాగులో రెండేసి పెడితే దుకాణం పాకెట్ల ఖర్చు బందైతది.

21. ప్రాక్టీసు అయిన అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడాలి. కూర అయ్యేదాకా ఆగమంటే ఆకలి చచ్చిపోయి రాత్రి సగమే తింటది, తెల్లారి కాళ్లు పీకుతున్నయంటది.

22. ఎండకాలం రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ, ఉప్పు కలిపి సద్ది పెట్టండి. పొద్దున ఉల్లిగడ్డ నంచుకొని తింటే కడుపు చల్లగ ఉంటది, అన్నం పారేసే పని ఉండదు.

23. ఆకుకూర తిననంటే సర్వపిండిలో తరిగి కలపండి. మా పిల్ల మునగాకు ముట్టేది కాదు, సర్వపిండిలో వేస్తే రెండు తినేస్తది.

24. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండండి, అన్నం తిన్న వెంటనే చాయ ఇయ్యకండి. నిమ్మ పులుపుతో ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడతది, చాయతో పడదు.

25. బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా వేసుకుంటున్నదో లేదో అడగండి. తొందరగా ఆయాసపడితే ఊళ్లో పీహెచ్‌సీలో రక్తం ఎంతుందో చూపించండి. పరీక్షకు పైసా కట్టక్కర్లేదు.

26. మ్యాచ్ రోజు కొత్త వంటలు పెట్టకండి. హాకీ అంటే 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 60 నిమిషాల ఉరుకుడు. మూడు గంటల ముందే అన్నం, పప్పు, పెరుగు పెట్టి పంపితే కడుపు బరువుండదు.

27. దాహమయ్యేదాకా ఆగొద్దని చెప్పండి. భాగానికీ భాగానికీ మధ్య దొరికే 2 నిమిషాల్లో నాలుగు గుక్కలు తాగితే చివర్లో పిక్కలు పట్టవు.

28. ఎండలో ఎక్కువ చెమట పోయిన రోజు ఇంట్లోనే ఓఆర్ఎస్ కలపండి: కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు చక్కెర ఆరు చాయ చెంచాలు, ఉప్పు అర చెంచా, రెండూ తలగొట్టి. ఉప్పు అంతకు మించొద్దు, మిగిలింది తెల్లారికి దాచొద్దు.

29. నీళ్ల సీసాకు తడి గుడ్డ చుట్టి నీడలో పెట్టమనండి. ఫ్రిజ్ లేకున్నా ఆట అయ్యేదాకా చల్లగ ఉంటయి, కూల్‌డ్రింకు మీదికి మనసు పోదు.

30. పండ్లు కాలాన్ని బట్టి పెట్టండి: తునికి పండ్లు, సీతాఫలాలు, జామకాయలు మన దగ్గర దొరికినప్పుడు ఆపిల్ కోసం నర్సంపేట పోవుడెందుకు? చౌక, తాజా, పిల్లలకు ఇష్టం.

31. ఆదివారం కోడికూర వండితే ముక్కలు మీరే లెక్కపెట్టి అందరికీ సమానంగా వడ్డించండి. వచ్చిన పిల్ల గిన్నెలో చెయ్యి పెట్టదు, మీ పిల్లలు ఆగరు. వడ్డనలోనే ఇల్లు ఎవరిదో తెలిసిపోతది.

బట్టలు, బూట్లు

32. మట్టి బట్టలు తడిమీద రుద్దకండి, మరక లోపలికి పోతది. ఆరనిచ్చి దులిపి, చన్నీళ్లలో నానబెట్టి అప్పుడు సబ్బు పెడితే సగం చేతినొప్పి తప్పుతది.

33. చెమట వాసన పోకపోతే అరబకెట్ నీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి అరగంట నానబెట్టండి. వాసనల పొడి ఇంత పోయక్కర్లేదు.

34. రక్తపు మరక మీద వేడినీళ్లు పోస్తే నిలిచిపోతది. చన్నీళ్లలో ఉప్పేసి నానబెట్టి పిండండి, కొత్త చొక్కా కొనే ఖర్చు మిగులుతది.

35. ఆట బట్టలు రెండు జతలు చాలు, స్నానం చేసేటప్పుడే పిండుకొని దండెం మీద వేయడం అలవాటు చేయండి. మీకు మూట పేరుకోదు, హాస్టలుకు పోయిననాడు పిల్లకు ఇబ్బంది ఉండదు.

36. సాక్సులు తిరగేసి ఉతికి, జతకు పిన్నీసు పెట్టి ఎండేయండి. ఆట కాగానే కాలివేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే పుండ్లు పడవు.

37. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి గాలికి పెట్టండి, గంటకోసారి పేపరు మార్చండి. పొయ్యి పక్కన, ఎర్రటెండలో పెడితే అతుకు ఊడి ఆర్నెల్ల బూటు నెలకే పోతది.

38. షిన్ గార్డుల లోపలి వైపు రోజూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టించండి. తడివి బ్యాగులో మూసిపెడితే పిక్కల మీద దద్దుర్లు లేస్తయి.

39. మౌత్ గార్డును చల్లటి నీళ్లలో బ్రష్షుతో కడిగి, చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో పెట్టించండి. మరిగే నీళ్లలో వేస్తే ఆకారం పోయి పళ్లకు పట్టదు, మళ్లీ కొనాల్సిందే.

40. వానకాలం పిండిన బట్టలను పొడి తువ్వాలలో చుట్టి గట్టిగా మెలిపెట్టండి, తర్వాత వంటింట్లో దండెం మీద వేయండి. తెల్లారేసరికి తొడుక్కునేటట్టు ఆరుతయి.

స్టిక్కు, సామాను

41. "వచ్చే ఏడు కూడా వస్తది" అని పొడుగు స్టిక్కు కొనకండి. నేలమీద నిలబెడితే నడుము ఎముక దాకా వచ్చేదే సరైన కొలత. పొడుగైతే ఆట చెడి, నడుం నొప్పి మిగులుతది.

42. మొదటి స్టిక్కు పెద్ద తరగతి పిల్లలు వాడి వదిలేసింది అడిగి తీసుకోండి. వంపు దగ్గర వేలుతో తడిమి పగులు లేకుంటే చాలు, సగం ధరకే పని జరుగుతది.

43. హాకీ బాలు 156 నుంచి 163 గ్రాములు ఉంటది, రాయి లెక్క గట్టి. వాకిట్లో ఆడుకోవడానికి టెన్నిస్ బాలు ఇయ్యండి. కిటికీలు, కుండలు, కోడిపిల్లలు క్షేమం.

44. ఆట కాగానే స్టిక్కును పొడిగుడ్డతో తుడిచి మేకుల మీద పెట్టించండి. నీళ్లలో నానినా, ఎండలో పడి ఉన్నా తొందరగా పాడైతది.

45. పట్టు జారుతున్నదని కొత్త స్టిక్కు అడిగితే ముందు గ్రిప్పు మార్చి చూడండి. చిన్న ఖర్చుతో స్టిక్కు ఇంకో ఏడాది నడుస్తది.

46. వంపు అంచు అరుగుతుంటే టేపు చుట్టించండి, ఊడగానే మళ్లీ చుట్టించండి. మట్టి గ్రౌండులో ఆడే స్టిక్కుకు ఇదే ఆయుష్షు.

47. స్టిక్కు మీద, బూటు లోపల, సీసా మీద గోళ్ల రంగుతో పేరు రాయండి. టోర్నమెంటులో ఒకే తీరు సామాను వందల కొద్దీ ఉంటది, పోయిందంటే దొరకదు.

48. ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో ఇసుక నింపి వాకిట్లో వరుసగా నిలబెట్టండి, కోన్లు కొనక్కర్లేదు. సీసాల మధ్య బాలు తిప్పుతూ రోజుకు పావుగంట ఆడితే చేతికి ఒడుపు వస్తది.

దెబ్బ తగిలినప్పుడు

49. మడమ బెణికితే ఐసు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. మొదటి రెండు రోజులు తైలం మర్దన, వేడి కాపడం వద్దు, వాపు పెరుగుతది. అడుగు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించండి.

50. గీరుకుపోతే సబ్బు నీళ్లతో మట్టి మొత్తం కడగండి. పసుపు, కాఫీ పొడి, బూడిద అద్దకండి. టీటీ ఇంజెక్షన్ వేయించిన తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ పొడిపించే పని ఉండదు.

51. బాలు తగిలి గట్టిపన్ను ఊడొస్తే వేరు ముట్టకుండా పైభాగం పట్టుకొని చల్లటి పాలలో వేసి గంటలోపు పళ్ల డాక్టరు దగ్గరికి ఉరకండి. అదే పన్ను మళ్లీ అతికే వీలుంటది.

52. తలకు దెబ్బ తగిలితే ఆరోజు ఆట బంద్, ఎంత బతిమాలినా సరే. వాంతి, మగత, మాట తడబాటు కనిపిస్తే ఇంటి వైద్యం చూడకుండా 108కి ఫోన్ కొట్టండి.

53. నొప్పి మాత్రలు పిల్ల తానే దుకాణంలో కొనుక్కొని మింగకుండా చూడండి. నొప్పి దాచుకొని ఆడితే చిన్న దెబ్బ పెద్దదైతది. "చెప్తే ఆడనియ్యరు" అనే భయం పోగొట్టండి.

54. పాత బిస్కెట్ డబ్బాలో దూది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ, కత్తెర, ఓఆర్ఎస్ పాకెట్లు పెట్టి బ్యాగు పక్కనే ఉంచండి. రాత్రిపూట మందుల దుకాణం కోసం తిరగకుండా ఒడ్డెక్కుతరు.

55. ప్యాడ్లు అడగకుండా తీసుకునే చోట పెట్టండి, అయిపోకముందే నింపండి. నెలసరి రోజుల్లో పిల్లకు బాగుంటే ఆడుకోనియ్యండి, నొప్పి ఉంటే వేడినీళ్ల సీసా ఇయ్యండి. మూలకు మాత్రం కూర్చోబెట్టకండి.

చదువు, కాగితాలు, పైసలు

56. పొద్దున ఉరికొచ్చిన పిల్లకు రాత్రి తొమ్మిదికి పాఠం ఎక్కదు. సాయంత్రం ఆట, స్నానం, ఇంత చిరుతిండి కాగానే ముప్పావు గంట పుస్తకం పట్టిస్తే అదే పదిలం.

57. టోర్నమెంటుకు పోయినన్ని రోజుల నోట్సు తోటి పిల్ల దగ్గర ఫోటో తీసి ఉంచండి. వచ్చిన ఆదివారం రాసుకుంటే పరీక్షలప్పుడు ఏడుపులు ఉండవు.

58. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, కులం సర్టిఫికెట్, బోనఫైడ్, ఫోటోలు ఒకే ఫైలులో, జిరాక్సులు మూడేసి. స్కూల్ గేమ్స్ అండర్-14, 17, 19 అని వయసు లెక్కతోనే నడుస్తయి. ఆధార్‌లో, బడి రికార్డులో తేదీ ఒకటే ఉండేటట్టు ఇప్పుడే సరిచేయించండి.

59. ఆట సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫోన్‌లో ఫోటో తీయండి. రేపు రిజర్వేషన్ సీటుకో, ఉద్యోగానికో అసలు కాగితం చేత్తో పట్టి చూస్తరు.

60. ఆడపిల్ల బస్సు ప్రయాణానికి పైసలు కట్టకండి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం; ఆధార్ బ్యాగులో ఉంటే చాలు, తోడు పోయే మీకూ టికెట్ లేదు.

61. పిల్ల పేరున బ్యాంకు ఖాతా తెరిపించండి. గెలిచిన బహుమతి అందులో పడుతది. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు వస్తది, దానికీ ఖాతా కావాలి.

62. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఆటల మీద ఉంటే హకీంపేట క్రీడా పాఠశాల మాట మరవకండి. 1993లో పెట్టిన ఆ బడిలో నాలుగో తరగతిలో చేర్చుకుంటరు. ఎంపికలు మండలం నుంచే మొదలు, పరుగు, దూకుడు పరీక్షలు ముందునుంచే చేయించండి.

63. ఊరు దాటి పోయేటప్పుడు సకినాలు, పల్లీ ముద్దలు, జొన్న రొట్టెలు కట్టియ్యండి, పైసలు రెండు చోట్ల పెట్టండి. పీఈటీ సారు నంబరు, మీ నంబరు కాగితం మీద రాసి బ్యాగులో వేయండి. ఫోన్ చార్జింగు అయిపోయినా దారి తప్పదు.

పిల్ల మనసు

64. ఓడొచ్చిన రోజు ముందు వేడినీళ్లు, తర్వాత బువ్వ, ఆ తర్వాతే మాటలు. "ఎన్ని గోల్స్ తిన్నరు" అని గడపలోనే అడిగితే ఆ రోజు తిండి పోయినట్టే. కడుపు నిండినాక ఆమే చెప్తది.

65. అమ్మానాన్నకు ఫోన్ ఆదివారం ఒకే వేళకు పెట్టండి, మీరు పక్కకు పోండి. మీ ముందు చెప్పలేని మాట అమ్మకు చెప్పుకుంటది, ఆ రాత్రి నిద్ర పడతది.

66. భారత్ మ్యాచ్ వస్తే సీరియల్ బంద్ చేసి ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. 2021లో టోక్యోలో, 2024లో పారిస్‌లో మన అబ్బాయిలు కంచు పతకాలు గెలిచిన ఆట ఇది. పక్కన కూర్చుంటే "మా వాళ్లకు నా ఆట ఇష్టం" అని పిల్లకు అర్థమైతది.

67. పల్లె పిల్లలకేం వస్తది అని అడిగితే పేర్లు చెప్పండి. గోల్‌కీపర్ రజని చిత్తూరు జిల్లా పల్లె నుంచి, యెండల సౌందర్య నిజామాబాద్ నుంచి భారత జట్టుకు పోయినవాళ్లే. ముకేశ్ కుమార్ హైదరాబాద్ నుంచి పోయి 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడిండు. మన పక్క కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ పరుగులో కంచు తెచ్చింది. మా గూడేల పిల్లలకైతే ఇంకో పేరు చెప్తా: 1928లో మన దేశం మొదటిసారి హాకీ బంగారం గెలిచిన జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, ఆదివాసి బిడ్డ.

68. నిక్కరు తొడిగిందని, మొగపిల్లలతో కలిసి ఉరుకుతున్నదని వాకిట్లోకొచ్చి ఎవరన్నా అంటే పిల్ల జవాబు చెప్పేదాకా ఆగకండి, మీరే చెప్పండి. ఒక్కసారి గట్టిగా చెప్తే మళ్లీ ఎవ్వరూ అనరు; నేను చెప్పిన, ఇప్పుడు వాళ్లే "ఎప్పుడమ్మా మ్యాచ్" అని అడుగుతరు.

69. ఎవరితో పోతున్నది, ఎక్కడ పడుకుంటున్నది, వెంట ఆడ టీచరు ఉన్నదా, మూడూ తెలుసుకోకుండా ఊరు దాటనియ్యకండి. ఎవరి దగ్గరికన్నా పోనని మొండికేస్తే కొట్టి పంపకండి, కూర్చోబెట్టి కారణం వినండి. పిల్లల సాయానికి 1098 నంబరు ఉన్నదని ఆమెకూ నేర్పండి.

70. హాస్టల్లో సీటొచ్చి పిల్ల పోయినాక తలుపు పక్కన కొట్టిన మేకులు పీకకండి. మొన్న దసరాకు మా పిల్ల సెలవు మీద వచ్చింది. "అత్తమ్మా" అని పిలిచేలోపే స్టిక్కు ఆ మేకుల మీద పెట్టి, బిందె తీసుకొని నీళ్లకు పోయింది.